పై డివిజన్ బెంచా, కింది డివిజన్ మైదానమా?

ప్రశ్న:

అన్నా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వయసు 19. చిన్నప్పుడు మా ఊళ్లో ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు బంతులిచ్చి ఫుట్‌బాల్ ఆడించేవాళ్లు, అట్లా మొదలై జిల్లా జట్టు దాకా వచ్చాను. రైట్ వింగర్‌ని, అంటే కుడి అంచున దాడికి వెళ్లేవాణ్ని. నిరుడు బెంగళూరులో ‘ఏ’ డివిజన్ లీగు ఆడే ఒక క్లబ్బు ట్రయల్స్‌లో నన్ను తీసుకుంది. ఊరంతా సంబరపడ్డారు. ఇప్పుడు రెండో సీజన్ నడుస్తోంది. నిరుడంతా కలిపి నలభై నిమిషాలు ఆడి ఉంటాను, అదీ ఆఖర్లో దింపితే. ఈ ఏడు ఆరు మ్యాచ్‌లు అయిపోయాయి, ఒక్కదాంట్లోనూ దించలేదు, రెండుసార్లు బెంచి మీద కూడా నా పేరు లేదు. నా స్థానంలో ఆడే ఆయనకు 31 ఏళ్లు, ప్రాక్టీసులో పరుగు పెడితే నన్ను అందుకోలేడు. కోచ్‌ను అడిగితే ‘ఆగు, నీ టైం వస్తుంది’ అంటాడు. నలుగురం ఒకే గదిలో ఉంటున్నాం. పొద్దున ప్రాక్టీసు, సాయంత్రం డెలివరీ పని. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను. నాయన చెనిక్కాయ రైతు, ‘జెర్సీ ఉంది, ఆట యాడుందిరా’ అంటున్నాడు. ఈ మధ్య ఒకాయన అరవై వేలు ఇస్తే పెద్ద క్లబ్బులో ట్రయల్ ఇప్పిస్తానంటున్నాడు. ఇక్కడే ఉండాలా, వేరే క్లబ్బు చూసుకోవాలా, మానేసి ఇంటికి రావాలా? టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు:

తమ్ముడూ, ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత మాట్లాడుకుందాం. ఫుట్‌బాల్ ఇప్పుడే మానెయ్యొద్దు. ఆ మనిషికి అరవై వేలు కాదు, అరవై రూపాయలు కూడా ఇవ్వొద్దు. ఈ సీజన్ అయ్యేదాకా ఆ క్లబ్బులోనే ఉండు, ఈ వారంలోనే కోచ్‌తో ఒకసారి సూటిగా మాట్లాడు, ఆయన చెప్పిన పని చేసి చూపించు. అప్పటికీ దించకపోతే సీజన్ అయ్యాక బి డివిజన్‌కో సి డివిజన్‌కో వెళ్లిపో, అక్కడ ప్రతి మ్యాచ్‌లో తొంభై నిమిషాలు ఆడు. పందొమ్మిదేళ్ల వయసులో నీకు అన్నిటికంటే ముందు కావాల్సింది మ్యాచ్ ఆడటం. నువ్వు ఇప్పటికే ఒక సీజన్ దాదాపు ఆడకుండా పోగొట్టుకున్నావు, రెండోది కూడా సగం పోయింది. మూడోది పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు కోచ్ సంగతి. నీ ఉత్తరంలో ఆయన మీద కోపం కనిపించింది, ఆ కోపం నాకు అర్థమవుతుంది. అయినా ఒకసారి ఆయన కుర్చీలో కూర్చుని చూడు. బెంగళూరులో పైన సూపర్ డివిజన్, దాని కింద ఏ, బి, సి డివిజన్లు. ‘ఏ’ డివిజన్ క్లబ్బుకు పైన ఆశ ఉంటుంది, కింద భయం ఉంటుంది. నాలుగు మ్యాచ్‌లు వరసగా పోతే కిందికి పడిపోతాం, పడిపోతే డబ్బు పెట్టే పెద్దమనిషి మొహం చాటేస్తాడు, ముందు పోయేది కోచ్ ఉద్యోగమే. అందుకే ఇట్లాంటి లీగుల్లో కోచ్‌లు తమను గెలిపించే వాణ్ని వెతకడం కంటే ముందు తమను ఓడించని వాణ్ని వెతుకుతారు. ఆ 31 ఏళ్లాయన నీకంటే నెమ్మది, నిజమే. కానీ ఒక గోల్ ఆధిక్యంలో ఉండి ఐదు నిమిషాలు మిగిలి ఉంటే బంతిని కార్నర్ జెండా దగ్గరికి తీసుకెళ్లి అక్కడే అడ్డం నిలబడి టైం గడపడం ఆయనకు తెలుసు. ఎప్పుడు ఫౌల్ తీసుకోవాలో, వెనకున్న రైట్ బ్యాక్ (కుడివైపు డిఫెండర్) ముందుకు పోతే తను ఎక్కడ ఆగిపోవాలో తెలుసు. అవేవీ ప్రాక్టీసు పరుగుపందెంలో కనిపించవు.

కుర్రాళ్ల ఫుట్‌బాల్‌కూ పెద్దవాళ్ల ఫుట్‌బాల్‌కూ తేడా ఇక్కడే ఉంది. అనంతపురంలో పిల్లలకు ఆట నేర్పే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను, మా దగ్గరి నుంచి బయటికి వెళ్లిన మంచి ఆటగాళ్లు దాదాపు అందరూ తట్టుకోలేకపోయేది ఇదే. జిల్లా స్థాయిలో నువ్వు మీ జట్టులో అందరికంటే మంచి ఆటగాడివి, అందుకే బంతి ఎప్పుడూ నీకే వస్తుంది, నువ్వు ఇద్దర్ని దాటితే చాలు అందరూ చప్పట్లు. పెద్దవాళ్ల మ్యాచ్‌లో ఒక్కొక్కరి కాలి దగ్గర బంతి ఉండేది మొత్తం కలిపి రెండు మూడు నిమిషాలే. మిగతా ఎనభై ఏడు నిమిషాలు నువ్వు ఏం చేస్తున్నావన్నది కోచ్ చూస్తాడు. అవతలి లెఫ్ట్ బ్యాక్ పరుగు తీస్తే వాడి వెంట వెనక్కి వచ్చావా, తల పైనుంచి వచ్చిన బంతికి ఎగిరాక అది పడే చోటికి ముందు ఎవరు చేరారు, త్రో-ఇన్ అప్పుడు నిద్రపోయావా, కార్నర్‌కు నీకు అప్పజెప్పిన మనిషిని వదిలేశావా. ఇవన్నీ విసుగు పుట్టించే పనులే, నాకు తెలుసు, కానీ ఫస్ట్ టీంలోకి వెళ్లే తలుపు అటువైపే ఉంది.

సబ్‌స్టిట్యూట్‌ల లెక్క కూడా ఒకసారి ఆలోచించు, ఇది చాలామంది కుర్రాళ్లు పట్టించుకోరు. 2022 నుంచి ఫుట్‌బాల్ చట్టాల్లో ఐదుగురిని మార్చుకునే వీలు శాశ్వతంగా వచ్చింది, స్థానిక లీగుల్లో ఎంతమంది అన్నది ఆ లీగు నిబంధన. ఐదుగురైనా సరే, హాఫ్ టైం కాకుండా ఆట ఆపించే అవకాశాలు మూడే. అందులో ఒకటి ఎవరికైనా దెబ్బ తగిలితే వాడుకోవాలని కోచ్ దాచుకుంటాడు. ఇక మిగిలేది రెండు. గోల్ వెనకబడి ఉంటే స్ట్రైకర్‌ను దింపుతాడు, ముందంజలో ఉంటే డిఫెన్స్ చేసేవాణ్ని దింపుతాడు. మరి ఈ రెండింటిలో నువ్వు ఏ రకం? ఒట్టి వింగర్‌వైతే రెండో రకం మ్యాచ్‌లో నీ పేరు ఆయన మనసులోకే రాదు. రైట్ బ్యాక్ కూడా ఆడగలను అని చూపిస్తే, ఒక్కసారిగా నువ్వు రెండు చోట్లకు పనికొచ్చేవాడివి అవుతావు, బెంచి మీద ఒక సీటు మిగిల్చినవాడివి అవుతావు. పెద్ద లీగుల్లో కూడా ఇప్పుడు రైట్ బ్యాక్‌లుగా పేరు తెచ్చుకున్న వాళ్లలో చాలామంది చిన్నప్పుడు వింగర్లే. నాకు డిఫెండర్‌గా మారడం ఇష్టం లేదు అంటావేమో. ఇష్టం కోసం తర్వాత కొట్లాడొచ్చు, ముందు గీత దాటి లోపలికి వెళ్లాలి కదప్పా.

ఇక కోచ్‌తో మాట్లాడటం. ‘నన్నెందుకు ఆడించడం లేదు’ అని అడిగితే ఏ కోచ్ అయినా ‘ఆగు, నీ టైం వస్తుంది’ అనే అంటాడు, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర అంతకంటే సులువైన జవాబు లేదు. ఆయన్ను మ్యాచ్ రోజున అడగొద్దు, ఓడిపోయిన మర్నాడు అసలు అడగొద్దు, వాట్సాప్‌లో అడగొద్దు, నాయనతోనో ఊరి పెద్దమనిషితోనో ఫోన్ చేయించొద్దు. వారం మధ్యలో ప్రాక్టీసు అయ్యాక కోన్‌లు, బంతులు ఏరుతున్నప్పుడు పక్కన చేరి, ‘సార్, నన్ను మ్యాచ్‌కు ఎంచే పద్దెనిమిది మందిలోకి తీసుకోవాలంటే నా ఆటలో ఏ రెండు విషయాలు మారాలో చెప్పండి, నెల రోజులు వాటి మీదే పని చేస్తాను, తర్వాత మీరే చూడండి’ అను. ఇట్లా అడిగితే ఆయన తప్పించుకోలేడు. రెండు విషయాలు చెప్పాడనుకో, నీకు పని దొరికింది. ఏమీ చెప్పలేకపోయాడనుకో, లేదా నీ కళ్లలోకి చూడకుండా మాట దాటేశాడనుకో, అప్పుడు కూడా నీకు విషయం తెలిసిపోయింది, ఆయన ఆలోచనలో నువ్వు లేవు. ఆ నిజం తెలియకుండా ఇంకో ఏడాది గడపడం కంటే ఇప్పుడే తెలుసుకోవడం మేలు. నెల తర్వాత మళ్లీ వెళ్లి ఆ రెండింటి గురించే అడుగు, కొత్తవి అడగొద్దు.

అడిగే ధైర్యం లేదంటావేమో, మన పల్లెల నుంచి వెళ్లిన పిల్లలకు ఇది పెద్ద ఇబ్బంది. పెద్దవాళ్ల ముందు నోరు మెదపకపోవడమే మర్యాద అని పెంచారు మనల్ని. మైదానంలో అది పనికిరాదు. నిశ్శబ్దంగా ఆడే కుర్రాణ్ని కోచ్ నమ్మలేడు, ఎందుకంటే పక్కవాడికి వెనక నుంచి మనిషి వస్తున్నాడని అరిచి చెప్పేవాడు కావాలి ఆయనకు. మీది కళ్యాణదుర్గం అంటున్నావు, ఇంకొంచెం ముందుకు పోతే కర్ణాటకే, నీకు కన్నడ కొంతైనా వచ్చే ఉంటుంది. ఆ క్లబ్బులో కన్నడ, తమిళం, మలయాళం, హిందీ అన్నీ ఉంటాయి. తప్పులు పోయినా పర్వాలేదు, ప్రాక్టీసులో గట్టిగా అరిచి చెప్పు. ఆ 31 ఏళ్లాయనతో కూడా మాట్లాడు. ఆయన నీ శత్రువేం కాదు, నీకు ఆ స్థానం గురించి కోచ్ కంటే ఎక్కువ నేర్పగలిగింది ఆయనే. మ్యాచ్‌లో బెంచి మీద ఉన్నప్పుడు బంతిని చూడకుండా ఆయన్నొక్కణ్నే ఒక హాఫ్ అంతా చూడు, బంతి లేనప్పుడు ఎక్కడ నిలబడుతున్నాడో రాసుకో.

ఇంత చేసినా దించకపోతే వెళ్లిపో అన్నాను కదా, ఆ మాట దగ్గర నీకు మనసు ఒప్పుకోదని తెలుసు. ఏ డివిజన్ నుంచి బి డివిజన్‌కు అంటే ఊళ్లో వాళ్లకు ‘కిందికి దించేశారు’ అని వినిపిస్తుంది. సునీల్ ఛెత్రి సంగతి చెప్తా విను. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, దేశం తరఫున 90కి పైగా గోల్స్ కొట్టినవాడు. 2010లో అమెరికాలో కాన్సస్ సిటీ క్లబ్బుకు వెళ్లాడు, అక్కడ ఒక్క లీగ్ మ్యాచ్‌లో కూడా ఆడే అవకాశం రాలేదు. తిరిగొచ్చి మన దేశంలో క్లబ్బుకు ఆడాడు. 2012లో పోర్చుగల్‌లో స్పోర్టింగ్ క్లబ్బుకు వెళ్తే రెండో జట్టులో వేశారు, మూడు మ్యాచ్‌లే ఆడించారు. అక్కడే కూర్చుంటే జెర్సీ యూరప్‌ది, అందరికీ చెప్పుకోవచ్చు. కానీ 2013లో లోన్ మీద, అంటే కొన్నాళ్లకు అరువు ఆటగాడిగా, గోవా క్లబ్బు చర్చిల్ బ్రదర్స్‌కు వచ్చేశాడు, ఆ సీజన్ ఐ-లీగ్, అప్పట్లో మన దేశపు పెద్ద లీగు, ఆ జట్టే గెలిచింది. దేశానికి కెప్టెన్‌గా ఉన్నవాడే ఆట దొరికే చోటికి వెనక్కి వచ్చాడు, నువ్వూ నేనూ ఎంత.

మన ఫెడరేషన్‌కు కూడా ఈ కష్టం తెలుసు. క్లబ్బుల్లో విదేశీ ఆటగాళ్లు, సీనియర్ల మధ్య కుర్రాళ్లకు నిమిషాలు దొరకడం లేదనే 2010లో కుర్రాళ్లతోనే ఒక జట్టు కట్టి ఐ-లీగ్‌లో దింపింది, అదే తర్వాత ఇండియన్ ఆరోస్ అయింది. మధ్యలో ఆపేసి 2017లో మళ్లీ మొదలుపెట్టి, ఆ ఏడాది అండర్-17 ప్రపంచకప్ ఆడిన పిల్లల్లో చాలామందిని అందులో ఆడించారు. ఆ ప్రపంచకప్‌లో కొలంబియా మీద గోల్ కొట్టిన జీక్సన్ సింగ్ కూడా వాళ్లలో ఒకడు. వాళ్లు చాలా మ్యాచ్‌లు ఓడిపోయారు. ఓడినా పెద్దవాళ్ల మీద ప్రతి వారం ఆడారు, ఆ తర్వాత పెద్ద క్లబ్బులు వాళ్లను తీసుకున్నాయి. 2022లో ఆ జట్టును మూసేయడం నాకు ఇప్పటికీ బాధే. జాతీయ జట్టుకు ఎంపికైన పిల్లలకే అట్లాంటి ఏర్పాటు కావాల్సి వచ్చిందంటే, కళ్యాణదుర్గం నుంచి వెళ్లిన నీకు ఆట దొరక్కపోవడం నీ ఒక్కడి లోపం అనుకోవాల్సిన పనేముంది?

ఇంగ్లండ్ ఆటగాడు జేమీ వార్డీ గురించి నీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 16 ఏళ్లప్పుడు షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు వదిలేసింది, ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ ఆడాడు, 2016లో లెస్టర్ జట్టు తరఫున ప్రీమియర్ లీగ్ గెలిచాడు. ఈ కథను అందరూ ‘పట్టు వదలకు’ అని చెప్పడానికి వాడతారు. నువ్వు దాంట్లో ఇంకొకటి చూడు. పెద్ద క్లబ్బు వదిలేశాక వార్డీ ఎక్కడో బెంచి మీద ఎదురుచూడలేదు, స్టాక్స్‌బ్రిడ్జ్ అనే చిన్న క్లబ్బులో, ఇంగ్లండ్ లీగుల్లో ఎనిమిదో అంచెలో, వారం వారం ఆడి గోల్స్ కొడుతూ ఉన్నాడు. అక్కడ నుంచి ఒక్కో మెట్టు ఎక్కాడు. ప్రీమియర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడేనాటికి వయసు 27. అట్లా అని నువ్వు కూడా వార్డీ అవుతావని నేను చెప్పను, లక్షల్లో ఒకడికి జరిగిన సంగతి అది.

మారే పద్ధతి జాగ్రత్తగా చేసుకో. నీ పేరు ఫెడరేషన్ ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్‌లో, అందరూ సీఆర్‌ఎస్ అంటారే, అందులో ఇప్పుడున్న క్లబ్బు కింద ఉంటుంది. అక్కడ నుంచి మారకుండా ఇంకో క్లబ్బుకు ఆడితే నీకూ ఆ క్లబ్బుకూ ఇబ్బందే. క్లబ్బులో చేరేటప్పుడు ఏం సంతకం పెట్టావో బయటికి తీసి చదువు, ఎన్ని సీజన్లకు పెట్టావో చూడు, కాపీ లేకపోతే అడిగి తీసుకో. చాలామంది కుర్రాళ్లు కాగితం చదవకుండా సంతకం పెట్టి తర్వాత చిక్కుకుపోతారు. ఫిఫా నిబంధన ప్రకారం ఒక సీజన్‌లో మూడు క్లబ్బుల దగ్గర రిజిస్టర్ కావొచ్చు గానీ అసలు మ్యాచ్‌లు ఆడేది రెండు క్లబ్బులకే, ఇది గుర్తుపెట్టుకో. మార్పులకు తేదీలు ఉంటాయి, రాష్ట్ర సంఘం ప్రకటిస్తుంది, అవి దాటాక ఎవరూ ఏమీ చేయలేరు. క్లబ్బుతో గొడవ పడి బయటికి రావొద్దు, మర్యాదగా అడిగి ఎన్‌ఓసీ తీసుకుని రా. బెంగళూరు ఫుట్‌బాల్ ప్రపంచం చిన్నది, ఈ కోచ్ రేపు ఇంకో క్లబ్బులో నీకు ఎదురుపడతాడు.

కొత్త క్లబ్బుతో మాట్లాడేటప్పుడు డబ్బు కంటే ముందు మూడు విషయాలు అడుగు: రైట్ సైడ్‌లో ఇప్పుడు ఎవరున్నారు, నిరుడు ఇరవై ఏళ్లలోపు వాళ్లు ఎంతమంది మొదటి పదకొండు మందిలో ఆడారు, వారానికి ఎన్ని రోజులు ప్రాక్టీసు. రెండోదానికి సరైన జవాబు రాకపోతే అక్కడ కూడా ఇదే కథ. కుదిరితే మైదానానికి వెళ్లి వాళ్ల మ్యాచ్ ఒకటి చూసి రా. నీ ఆట వీడియో అడిగితే, నాలుగు మంచి డ్రిబుల్స్ కత్తిరించి పాట పెట్టిన ముక్క పంపొద్దు, స్నేహితుడితో ఒక మ్యాచ్ మొత్తం ఫోన్‌లో తీయించి అది పంపు. ఆట తెలిసిన కోచ్ దాంట్లో నీ పరుగులు, నీ నిలబడే చోటు చూస్తాడు.

ఇక అరవై వేల మనిషి. తమ్ముడూ, ఇతని గురించి చదివినప్పుడు నాకు రక్తం మరిగింది. ఇట్లాంటి వాళ్లు మన జిల్లాల పిల్లల చుట్టూ తిరుగుతూనే ఉంటారు, కడప, కర్నూలు పిల్లల నుంచి కూడా విన్నాను. అసలు క్లబ్బుకు ఆటగాడు కావాలంటే ఆటగాడి దగ్గర డబ్బు తీసుకుని ట్రయల్ పెట్టదు. కొన్ని బహిరంగ ట్రయల్స్‌కు చిన్న ఎంట్రీ ఫీజు ఉండొచ్చు, అది వేరు, అది క్లబ్బే తన పేజీలో ప్రకటిస్తుంది. ఏజెంట్ అన్నవాడికి ఆదాయం ఒప్పందం కుదిరాక వచ్చే కమిషన్, ముందుగా నీ జేబులోంచి తీసుకునే అరవై వేలు కాదు. 2023లో ఫిఫా ఏజెంట్లకు పరీక్ష, లైసెన్సు మళ్లీ తెచ్చింది, లైసెన్సు ఉన్నవాళ్ల పేర్లు ఫిఫా వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఆయన పేరు అందులో ఉందేమో చూడు. లేకపోతే ఫోన్ నంబర్ బ్లాక్ చెయ్యి. ఉన్నా సరే, డబ్బు ముందు అడిగినవాడికి ఇవ్వొద్దు. ఆ క్లబ్బు ఆఫీసుకే నేరుగా ఫోన్ చేసి ‘మీ తరఫున ఫలానా ఆయన ట్రయల్స్ పెడుతున్నాడా’ అని అడుగు, ఒక్క కాల్‌తో తేలిపోతుంది. అప్పు తీసుకుని మాత్రం అస్సలు ఇవ్వొద్దు. ఈ ఏడు చెనిక్కాయ పంట ఎట్లుందో నాయనను అడిగితే అరవై వేలు అంటే ఏంటో తెలుస్తుంది.

ఒంటి సంగతి రెండు మాటల్లో చెప్పి వదిలేస్తా. నువ్వు పెరిగింది గట్టి నేల మీద, బెంగళూరులో మ్యాచ్‌లు ఎక్కువగా టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద. పొడవాటి స్టడ్స్ ఉన్న బూట్లు వేసుకుని టర్ఫ్ మీద తిరిగితే పాదం పట్టేసి మోకాలు మెలిపడుతుంది. పొట్టి స్టడ్స్ ఎక్కువగా ఉండే టర్ఫ్ బూట్లు ఒక జత కొనుక్కో, నీ డబ్బు దాని మీద పెట్టు. ఫిఫా 11+ అని వార్మప్ పద్ధతి ఉంది, పదిహేను వ్యాయామాలు, ఇరవై నిమిషాలు పడుతుంది, వీడియోలు ఉచితంగానే దొరుకుతాయి. వారానికి కనీసం రెండుసార్లు సరిగ్గా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయని పరిశోధనల్లో తేలింది. సాయంత్రమంతా బండి మీద కూర్చుని డెలివరీలు చేస్తే నడుము, తొడ కండరాలు బిగుసుకుపోతాయి, మ్యాచ్ ముందురోజు మాత్రం ఆ పని మానుకో. తిండికి ఖరీదైన పొడులు అక్కర్లేదు. ఇంట్లో తిన్న రాగి సంగటి, చెనిక్కాయలు, గుడ్లు, పప్పు, ఇవే అక్కడ కూడా తిను, గదిలో నలుగురూ కలిసి వండుకుంటే బయటి బిర్యానీ కంటే చవక.

నిద్ర పట్టడం లేదన్నావు. సగం టెన్షన్ రేపు ఏమవుతుందో తెలియకపోవడం వల్లే, కోచ్‌తో మాట్లాడితే కొంత తగ్గుతుంది. వారాల తరబడి ఇట్లాగే ఉంటే, తిండి సహించకపోతే, డాక్టర్‌ను కలువు, దాంట్లో సిగ్గు పడాల్సిందేమీ లేదు. బెంచి మీద పేరు లేని రోజు రాత్రి ఇన్‌స్టాలో నీతో ఆడినవాళ్ల ఫొటోలు చూస్తూ కూర్చోవద్దు.

చివరిగా నాయన, డిగ్రీ. ఇక్కడ నేను కొంచెం గట్టిగానే చెప్తా. డిగ్రీ ఆపేసినంత మాత్రాన ఆటకు ఏమీ కలిసి రాలేదు కదా. ప్రాక్టీసు పొద్దున అయిపోతుంది, దూరవిద్యలోనైనా పూర్తి చెయ్యి. మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతికేవాళ్లలో ఎక్కువమందికి అన్నం పెట్టింది డిపార్ట్‌మెంట్ జట్లే: రైల్వే, పోలీసు, ఆర్మీ. రాష్ట్రాల జట్లు పోటీపడే సంతోష్ ట్రోఫీని 2023-24లో గెలిచింది సర్వీసెస్ జట్టు, అందరూ సైన్యంలో ఉద్యోగం చేస్తూ ఆడేవాళ్లే. వెనక్కి వెళ్తే, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు రహీమ్ సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టువాళ్లు చిన్న ఆటగాళ్లా? రైల్వేలో స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వస్తుంటాయి, మన గుంతకల్లే రైల్వే డివిజన్ కేంద్రం, ఆ ప్రకటనలు చూస్తూ ఉండు. అక్కడ అడిగేది సర్టిఫికెట్లు: రాష్ట్ర జట్టుకు ఆడావా, యూనివర్సిటీ జట్టుకు ఆడావా అని. ‘ఏ’ డివిజన్‌లో బెంచి మీద కూర్చున్నందుకు ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వరు. దూరవిద్యలో చేరితే యూనివర్సిటీ జట్టుకు ఆడే అర్హత ఉంటుందో లేదో చేరకముందే కనుక్కో. శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలో రెగ్యులర్‌గా చేరితే ఇంటర్ యూనివర్సిటీ పోటీల దారి కూడా తెరుచుకుంటుంది, బెంగళూరులో బి డివిజన్ క్లబ్బు దొరక్కపోతే ఇదే నేను నీకు చెప్పే రెండో దారి. ఇంటికి రావడం అంటే ఆట మానేయడమని ఎవరన్నారు? అనంతపురంలో ఆర్డీటీ స్టేడియం ఉంది, పల్లెల్లో లీగు ఆడే పిల్లలున్నారు, పెద్దవాళ్ల జట్లున్నాయి. రాయలసీమలో ఫుట్‌బాల్‌కు ఇంత నేల దొరికే ఊరు ఇంకోటి లేదని నా అభిప్రాయం.

నాయనతో ఒక గడువు మాట్లాడుకో. నన్నడిగితే ఇరవై రెండేళ్లు నిండేదాకా. అప్పటికి ఏదో ఒక డివిజన్‌లో ప్రతి వారం ఆడే ఆటగాడివి కాకపోతే, చేతిలో డిగ్రీ ఉంటుంది, కోచింగ్ లైసెన్సు మొదటి మెట్టు మొదలుపెట్టొచ్చు, ఉద్యోగం చూసుకోవచ్చు. ఈ గడువు లెక్క ఆయనకు వివరంగా చెప్పు, ఏ నెల క్లబ్బు మారతావు, ఎప్పుడు పరీక్షలు రాస్తావు, నెలకు ఇంటి నుంచి ఎంత కావాలి లేదా అక్కర్లేదు అన్నది కాగితం మీద రాసి చూపించు. రైతుకు లెక్క అర్థమవుతుంది, ‘నా కల’ అంటే అర్థం కాదు, కోపం వస్తుంది. ఆయన అడిగింది కూడా న్యాయమైన ప్రశ్నే, ఆట యాడుంది అని. కొత్త క్లబ్బులో మొదటి పదకొండు మందిలో నీ పేరు ఖాయమైన వారం ఆయనకు బస్సు టికెట్ తీసి పంపు, పంట పనులు లేని ఆదివారం చూసి. అప్పటిదాకా బెంగళూరుకు పిలవొద్దు, బెంచి మీద కూర్చున్న కొడుకును చూడ్డానికి అంత దూరం రప్పించొద్దు.

కోచ్‌తో మాట్లాడాక ఆయన చెప్పిన ఆ రెండు విషయాలేంటో నాకు రాయి. ప్రాక్టీసులో వాటికి ఏమేం చేయాలో అప్పుడు విడిగా చెప్తా.